కళాకారుడూ, కుటుంబమూ: ‘క్రంబ్’ చిత్రంపై ఒక పరిశీలన

కవి జీవితం తెలియడంవల్ల కావ్యానికి కలిగే మేలెంత అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. మన ప్రాచీనులు తమ కులగోత్రాలను అవతారికలో నాలుగు పద్యాలలో ముగించి, తక్కినదంతా కావ్యానికే విడిచిపెట్టారు. కవిని గురించి లోకానికి సహజంగా కలిగే కుతూహలాన్ని చాటుకథలు తీర్చాయి. గురజాడ శ్రీరామమూర్తిగారు, వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలు రచించిన తరువాతనే కవి జీవితం మనకు పరిశోధనకు తగిన విషయమైనది. అయితే ఆ చరిత్రల కాలంనుండి షష్టిపూర్తి సంచికల కాలందాకా మన జీవితచరిత్ర రచనలో ఒక లోపం మాత్రం స్థిరంగా నిలిచిపోయింది. ఆ గ్రంథాలలో వంశవృక్షం వుంటుంది, కుటుంబం వుండదు. తండ్రి పండితుడు, తల్లి సాధ్వి, అన్నగారు వాత్సల్యమూర్తి, భార్య అనుకూలవతి. ఇట్టి యింట పుట్టి పెరిగినవాడు కలం పట్టవలసిన అవసరమేమి వచ్చిందో ఆ సంచికలు చదివినవారికి ఎన్నటికీ బోధపడదు.

ఈ లోపాన్ని గుర్తు చేసేది మన గ్రంథమేదీ కాదు, ఒక అమెరికన్ చలనచిత్రం. టెర్రీ జ్విగాఫ్ దర్శకత్వంలో 1994లో తయారైన ‘క్రంబ్’ అనే డాక్యుమెంటరీ, రాబర్ట్ క్రంబ్ అనే వ్యంగ్యచిత్రకారుని గురించినది. నిడివి రెండు గంటలు. దీని నిర్మాణానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. 1995లో సండాన్స్ చిత్రోత్సవంలో డాక్యుమెంటరీలకిచ్చే ప్రథమ బహుమానం దీనికి లభించింది. ఆస్కార్ బహుమానాల పరిశీలకులు మాత్రం దీనిని నామకరణానికైనా స్వీకరించలేదు. దానిపై అమెరికాలో పెద్ద దుమారమే లేచింది. బహుమానాల మాట అటుంచుదాం. ఒక కళాకారుని జీవితాన్ని అతని తోబుట్టువుల జీవితాలతో కలిపి చూపినప్పుడు విమర్శకునికి ఎదురయ్యే చిక్కులేమిటి? ఈ చిత్రం ఆ చిక్కులన్నిటినీ మన ముందు పరుస్తుంది.

క్రంబ్ పేరు తెలియని పాఠకులకోసం కొంత చెప్పవలసి వుంది. అతడు 1943లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి అమెరికా మెరైన్ సైన్యంలో పనిచేసినవాడు. క్రంబ్ యౌవనంలో క్లీవ్‌లండులోని ఒక గ్రీటింగు కార్డుల కంపెనీలో బొమ్మలు గీశాడు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. మరుసటి యేడు ‘జాప్’ అనే బొమ్మల కథల పుస్తకం వెలువరించి, దానిని వీధిలో నిలబడి అమ్మాడు. 1954లో అమెరికా ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న కామిక్ పుస్తకాల నియమావళి, బాలలు చదువరాదన్న సమస్త విషయాలనూ ఆ పుస్తకాలనుండి తొలగించింది. ఆ నియమావళి వెలుపల, దాని ముద్ర లేకుండా, మామూలు పత్రికల దుకాణాలలో కాక హిప్పీ సరుకులమ్మే అంగళ్లలో చెలామణి అయిన పుస్తకాలు గనుక వీటికి ‘అండర్‌గ్రౌండ్’ అన్న విశేషణం స్థిరపడింది. నిషేధానికి గురై రహస్యంగా నడిచిన పత్రికలని మనవారు పొరబడరాదు. అయినా కేసులు నడవకపోలేదు. 1969లో ‘జాప్’ నాలుగవ సంచికలో క్రంబ్ గీసిన ఒక కథ, ఆదర్శప్రాయమైన అమెరికన్ కుటుంబంలో తల్లిదండ్రులకూ బిడ్డలకూ మధ్య వావివరుసలు తప్పిన సంబంధాన్ని చిత్రించినది. ఆ సంచిక అమ్మిన నేరానికి న్యూయార్కులో పుస్తక విక్రేతలకు శిక్ష పడింది.

క్రంబ్ సృష్టించిన పాత్రలలో మనకు వింతగా తోచేవాడు మిస్టర్ నేచురల్. తెల్లని పొడుగు గడ్డం, పాదాలదాకా అంగీ, నోట ఉపదేశం, మనసులో మాత్రం శిష్యుల డబ్బుమీదా స్త్రీలమీదా ఆశ. తూర్పుదేశాల గురువులకోసం అమెరికన్ యువకులు వెంపర్లాడుతున్న దినాలలోనే పుట్టిన పాత్ర యిది. మన దొంగ సన్యాసుల ప్రహసనాలు చదివినవారికి ఇతడు పాత చుట్టమే. అయితే క్రంబ్ ఆ గురువును పూర్తిగా దొంగగానూ చేయడు, పూర్తిగా జ్ఞానిగానూ చేయడు. ఆ సందిగ్ధతే పాత్రకు ప్రాణం.

జ్విగాఫ్ క్రంబుకు చిరకాల మిత్రుడు. ఇద్దరూ ఒకే వాద్యబృందంలో పాత పాటలు వాయించినవారు. మిత్రుడు తీసిన చిత్రమంటే స్తుతిపాఠమని మనం అనుకుంటాం. కాని ఇక్కడ స్నేహం స్తుతికి కాక ప్రవేశానికి ఉపయోగపడింది. పరాయివానికి తెరుచుకోని తలుపులు జ్విగాఫుకు తెరుచుకున్నాయి. ఆ తలుపుల వెనుక ఇద్దరు సోదరులున్నారు.

పెద్దవాడు చార్లెస్. చిత్రీకరణ నాటికి అతడు ఐదు పదులకు చేరువలో వున్నాడు, తల్లి యింట పై గదిలో వుంటాడు, యిల్లు కదలడు. మనోవ్యాధికి మందులు మింగుతూ, పాత నవలలను మళ్లీ మళ్లీ చదువుకుంటూ కాలం గడుపుతాడు. పళ్లు వూడిపోయాయి. మాట మాత్రం సునిశితం. అతని హాస్యం చూసినవారికి రాబర్ట్ బొమ్మలలోని హాస్యం ఎక్కడనుండి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. బాల్యంలో బొమ్మల కథలు గీయాలన్న పిచ్చి చార్లెసుది. ఆ పిచ్చిని తమ్ములమీద రుద్దినవాడూ అతడే. తాను గీయడమే కాక వారిచేత బలవంతాన గీయించేవాడు. 1958లో అన్నదమ్ములు ‘ఫూ’ అనే పత్రిక స్వయంగా అచ్చు వేయించి యింటింటికీ తిరిగి అమ్మారు. చిన్న వయసులో చూసిన ‘ట్రెజర్ ఐలండ్’ చిత్రం చార్లెసును పట్టుకొని విడువలేదు. ఆ సముద్రపు దొంగల కథనే యేళ్ల తరబడి గీశాడు.

ఇక్కడ చిత్రం చూపే కొన్ని పుటలు నా దృష్టిలో ఈ రెండు గంటలలోనూ అత్యంత విలువైనవి. కెమెరా చార్లెస్ పాత పుస్తకాలను వరుసగా తిప్పుతుంది. మొదట బొమ్మలు నిండుగా, ప్రాణంతో వుంటాయి. పిమ్మట పాత్రల మాటలు పెరుగుతాయి. మాటలు వుండే బుడగలు బొమ్మలను ఒక మూలకు నెడతాయి. అటుపిమ్మట వస్త్రాల మీదా ముఖాల మీదా ముడతలు మొలకెత్తి, గీతలు గీతలను కప్పివేస్తాయి. చివరకు బొమ్మ మాయమైపోతుంది. పుస్తకం నిండా సన్నని అక్షరాలవంటి రాత మాత్రమే మిగులుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అవి అక్షరాలు కూడా కావు. ఒక ప్రతిభ ఆరిపోవడాన్ని ఏ జీవితచరిత్రకారుడూ ఇంత క్లుప్తంగా చెప్పలేడు. జ్విగాఫ్ ఇక్కడ వ్యాఖ్యానం చేర్చలేదు. చిత్రం మొత్తంమీద వ్యాఖ్యాత గొంతుక వినిపించదు. ఆ సంయమనం మెచ్చదగినది.

రెండవ సోదరుడు మాక్సన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చౌకబారు హోటలు గదిలో వుంటాడు. కాలిబాటపై పద్మాసనం వేసుకొని భిక్ష యెత్తుతాడు. మేకుల పడకపై కూర్చుంటాడు. తడిపిన పొడుగాటి గుడ్డపేలికను కొంచెం కొంచెంగా మింగి శరీరంలోగుండా పోనిస్తాడు. ఇతడు కూడా చిత్రకారుడే. అతని వర్ణచిత్రాలు చూసి రాబర్ట్ మనఃపూర్వకంగా మెచ్చుకుంటాడు. స్త్రీలపట్ల తాను చేసిన అకృత్యాలను మాక్సన్ నవ్వుతూ చెప్పే ఘట్టం చూసేవారికి ఒళ్లు జలదరిస్తుంది.

ఆ గుడ్డపేలిక ఘట్టాన్ని పాశ్చాత్య ప్రేక్షకుడు ఉన్మాదానికి పరాకాష్ఠగా గ్రహిస్తాడు. మనకు అది అంత సులభం కాదు. హఠయోగ ప్రదీపికలో చెప్పిన షట్కర్మలలో ధౌతి మొదటిది. నాలుగంగుళాల వెడల్పు, పదిహేను మూరల పొడవు వున్న తడివస్త్రాన్ని గురూపదిష్ట మార్గాన మెల్లగా మింగి, తిరిగి వెలికి తీయాలన్నది విధి. మాక్సన్ దానిని వెలికి తీయక లోపలికే పోనిస్తాడు; అంటే విద్య సగమే అందింది. అంతకన్న ముఖ్యమైనది, విధిలో గురువున్నాడు. గురువూ సంప్రదాయమూ లేక, హోటలు గదిలో ఒంటరిగా, పుస్తకాలద్వారానో వినికిడిద్వారానో అందిన క్రియను పట్టుకొని వేలాడుతున్న మనిషి మాక్సన్. తమ్ముడు సాధుజీవితాన్ని అక్షరాలా ఆచరిస్తున్నాడు. అన్న మిస్టర్ నేచురల్ బొమ్మ గీసి నవ్విస్తున్నాడు. ఈ జంటను పాశ్చాత్య విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. భారతీయ ప్రేక్షకుడు ఈ ఘట్టాన్ని చూసి నవ్వడానికీ జాలిపడడానికీ నడుమ కొంతసేపు ఆగిపోతాడు.

ఇక తండ్రి. చిత్రీకరణకు ముందే మరణించాడు గనుక అతడు మనకు బిడ్డల మాటలలోనే కనిపిస్తాడు. బయట నిత్యం చిరునవ్వు ధరించిన పెద్దమనిషి. మనుషులకు శిక్షణ యివ్వడం యెలాగో పుస్తకం కూడా వ్రాసినవాడు. ఇంట్లో పిల్లలను చావబాదేవాడు. ఒక క్రిస్మసు పండుగనాడు అయిదేళ్ల రాబర్ట్ మెడ యెముక విరిగింది తండ్రి చేతనే. తల్లి బియాట్రిస్ సోఫాలో పడుకొని, నడుమ నడుమ ఒక మాట విసురుతుంటుంది. ఆమెను చిత్రం సరిగా అర్థం చేసుకున్నదని చెప్పలేను. బిడ్డల కథకు ఆమె నేపథ్యంగానే మిగిలిపోయింది. సోదరీమణులు ఇద్దరున్నారు, వారు కెమెరా ముందుకు రావడానికి నిరాకరించారు. ఆ సంగతి చిత్రం తానే తెలుపుతుంది. ఈ కథను వారు చెప్పి వుంటే వేరొక విధంగా వుండేదన్న ఊహ మన వెంట వుండిపోతుంది.

ఇంతవరకు వున్నది కుటుంబగాథ. విమర్శకునికి అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. క్రంబ్ బొమ్మలలో స్త్రీలు అవమానం పాలవుతారు. తల లేని స్త్రీ శరీరాన్ని మగవారు వాడుకొనే కథ ఒకటి వున్నది. నీగ్రోలను పాత పత్రికల హేయమైన మూసలో గీశాడు. దీనిపై వాదప్రతివాదాలను జ్విగాఫ్ చిత్రంలోనే చేర్చాడు. కళావిమర్శకుడు రాబర్ట్ హ్యూస్ క్రంబును బ్రూగెల్‌తో పోల్చి, లోకం కుళ్లును దాపరికం లేకుండా చూపిన మహాచిత్రకారుల శ్రేణిలో నిలబెడతాడు. పత్రికా సంపాదకురాలు డీడ్ర ఇంగ్లిష్, ఆ వావి తప్పిన కుటుంబపు కథ వ్యంగ్యంగా ఆరంభమై క్రమంగా గీసినవాని స్వంత సుఖకల్పనగా జారిపోయిందని చూపుతుంది. చిత్రకారిణి ట్రీనా రాబిన్స్ కూడా ఆక్షేపించినవారిలో వున్నది. నేను చూసినంతలో, చిత్రంలో వినిపించిన విమర్శలన్నిటిలో డీడ్ర ఇంగ్లిష్ వాదమే నిశితమైనది. ఆమె దానిని అశ్లీలమని తోసివేయలేదు. రచన యెక్కడ దారి తప్పినదో వేలు పెట్టి చూపినది.

ఈ వివాదం మన అలంకారికులకు తెలియనిది కాదు. కుమారసంభవంలో పార్వతీపరమేశ్వరుల శృంగారాన్ని వర్ణించడం అనౌచిత్యమే అని అంగీకరిస్తూనే, కాళిదాసు శక్తి ఆ దోషాన్ని కప్పివేసినదని ఆనందవర్ధనుడు తీర్పు చెప్పాడు. వ్యుత్పత్తి లోపంవల్ల కలిగే దోషాన్ని శక్తి మరుగుపరుస్తుంది. శక్తి లోపంవల్ల కలిగే దోషం మాత్రం తక్షణం బయటపడుతుంది. హ్యూస్ వాదం స్థూలంగా ఈ శక్తివాదమే. క్రంబ్ శక్తిని శంకించవలసిన పనిలేదు. నిబ్బుతో అతడు వేసే ఒక్కొక్క సన్నగీతా ఆ మాటకు సాక్ష్యం. పన్నెండు బొమ్మలలో ఒకే చోటు అడవిగా, పల్లెగా, పట్నంగా, చివరకు విద్యుత్ తీగెల వలలో చిక్కిన కూడలిగా మారడాన్ని 1979లో అతడు చూపిన ‘అమెరికా సంక్షిప్త చరిత్ర’లో ఒక్క అశ్లీలమూ లేదు. అయినా అతని ఆగ్రహమంతా అందులోనే వున్నది. విద్యుత్ స్తంభాలనూ తీగెలనూ వూహించి గీయడం సాధ్యం కాదని, వీధులలో వాటి ఫోటోలు తీయించి దగ్గర పెట్టుకున్నవాడు క్రంబ్. అందరూ రోజూ చూస్తూ చూడనిదానిని పట్టి చూడడం అతని గుణం.

కాని శక్తివాదం ఇక్కడ పూర్తిగా చెల్లదు. క్రంబ్ దోషం వ్యుత్పత్తి లేక కలిగినది కాదు, తెలిసి చేసినది. అట్టిదానికి ఆనందవర్ధనుని విభాగంలో చోటు లేదు. నీగ్రో మూసబొమ్మలు జాతిద్వేషాన్ని గేలి చేయడానికే గీశానని అతని సమాధానం. ఆ సమాధానం నిజమే కావచ్చు. అయితే 1993లో అతడు వ్యంగ్యంగా గీసిన కథను అసలైన జాతిద్వేషుల పత్రిక ఒకటి తన ప్రచారానికి వాడుకున్నది. వారికి ఆ బొమ్మలలో వ్యంగ్యమేమీ కనిపించలేదు, వాచ్యమే చాలినది. ధ్వని సహృదయుని ఆశ్రయించి వుంటుందని మనం పాఠం చెప్పుకుంటాం. సహృదయుడు కానివాని చేతిలో పడినప్పుడు ధ్వనికావ్యం ఏమవుతుందన్న ప్రశ్నను మన శాస్త్రం అంతగా విచారించలేదు. ముద్రణాయంత్రం లేని కాలంలో ఆ అవసరం అంత తీవ్రంగా లేదు. నేటి వ్యంగ్యరచయిత తప్పించుకోలేని ప్రశ్న యిది.

అశ్లీలతను గూర్చిన చర్చ ‘మైదానం’ వెలువడిన 1927 నుంచీ మనకూ వున్నదే. కాని చలంగారి పోలిక ఇక్కడ కొంతదూరమే నడుస్తుంది. చలానికి ఒక వాదం వున్నది. స్త్రీ స్వేచ్ఛకోసం సంఘంతో తగాదా పడ్డాడు. క్రంబుకు వాదం లేదు. తన మనసు అడుగున వున్నదానిని పైకి తెచ్చి పోస్తాడు, అంతే. బహుశా తన చేతిలోనుంచి పెన్సిళ్లు లాగివేసి తనను నిర్బంధించవలెనేమో, తనకు తెలియదని చిత్రంలో అతడే అంటాడు. ఇది వినయం కాదు, సమర్థనా కాదు. జవాబు చెప్పే భారాన్ని ప్రేక్షకునిమీద మోపడం.

అప్పుడు కుటుంబగాథ ఆ భారాన్ని తగ్గిస్తుందా? ఈ చిత్రాన్ని మెచ్చినవారిలో చాలమంది తగ్గిస్తుందన్నట్లు మాట్లాడారు. అట్టి తండ్రి, అట్టి యిల్లు. దానినుండి వచ్చిన విషాన్ని కాగితంపై కక్కి రాబర్ట్ బ్రతికాడు, గీయడం మానిన చార్లెస్ బ్రతకలేదు అని వారి తాత్పర్యం. వినడానికి సమంజసంగా వుంటుంది. కాని ఒకే యింట ఒకే తండ్రి దెబ్బలు తిన్న ముగ్గురిలో ముగ్గురూ గీసినవారే. చార్లెస్ తొలుత అందరికన్న ఎక్కువగా గీసినవాడు. గీయడమే రక్షిస్తుందంటే అతడే ముందు గట్టెక్కవలసినవాడు. బాధ కళకు కారణమని చెప్పడం తేలిక. అదే బాధ పక్కగదిలోని అన్నగారి విషయంలో కళను యెందుకు మింగివేసిందో చెప్పమంటే ఆ సిద్ధాంతం నోరు మూసుకుంటుంది. ముగ్గురినీ పక్కపక్కన నిలిపి ఇట్టి సులభ కార్యకారణ సంబంధాన్ని ఈ చిత్రం తనంతట తానే ఖండిస్తున్నది. దాని ఆరాధకులు ఆ సంగతి గమనించలేదు.

పోతే, క్షమాపణకు కుటుంబాన్ని సాక్షిగా పిలవడంలో మరొక అన్యాయం వున్నది. రాబర్ట్ బొమ్మలలో అవమానితులైన స్త్రీలకు అతని తండ్రితో ఏ సంబంధమూ లేదు. తన బాల్యంలో తగిలిన గాయాన్ని చూపి రచయిత పాఠకుని దయను పొందవచ్చును. రచనకు తీర్పు మాత్రం రచననుబట్టే జరగవలె. డీడ్ర ఇంగ్లిష్ చేసిన విమర్శకు చార్లెస్ దుఃఖం జవాబు కాజాలదు.

అలాగని కుటుంబాన్ని చూపడం వృథా అని నా వాదం కాదు. అన్నగారి గదిలో మంచంమీద కూర్చున్న రాబర్ట్, అన్నగారు దారుణమైన మాట చెప్పినప్పుడల్లా నవ్వుతాడు. ఒకప్పుడు నిన్ను కత్తితో పొడవకుండా నన్ను నేను పట్టి వుంచుకోవలసి వచ్చిందని చార్లెస్ అంటాడు, ఇద్దరూ నవ్వుతారు. ఆ నవ్వు వినని ముందు క్రంబ్ బొమ్మలలోని హాస్యం నాకు కేవలం నిర్లజ్జగా తోచేది. విన్నాక, అది వారి యింటి భాష అని తెలిసింది. ఇది క్షమాపణ కాదు, వ్యాకరణ పరిజ్ఞానం. జీవితచరిత్ర విమర్శకునికి చేయగల సాయం ఈ మాత్రమే. మన సంచికలు ఆ సాయం కూడా చేయకపోవడమే నా ఫిర్యాదు.

జ్విగాఫుపై కూడా ఒక ఆక్షేపణ వున్నది. చార్లెస్ 1992లో ఆత్మహత్య చేసుకున్నాడు. చిత్రం లోకానికి అందినది ఆ తరువాత. తన దుఃస్థితిని కోట్లమంది చూడబోతున్నారని అతనికి ఎంతవరకు అర్థమైనదో చెప్పలేము. అట్టి మనిషి ముందు కెమెరా నిలపడం న్యాయమా? ఇది నేను సులభంగా తేల్చలేకపోయిన ప్రశ్న. చార్లెస్ మాటలలో ఒక కచేరీ ధోరణి వున్నదన్నది మాత్రం నిజం. యేళ్ల తరువాత శ్రోత దొరికిన వక్త అతడు. అతనిని కెమెరా వేళాకోళం చేయలేదు, తొందరపెట్టలేదు. ఈ చిత్రం లేకపోతే చార్లెస్ క్రంబ్ అనే చిత్రకారుడు వున్నాడని ప్రపంచానికి తెలిసేది కాదు. మాక్సన్ విషయంలో కెమెరాకు అంత ఓర్పు లేదు. అతని వింత ఆచారాలవైపు అది కొంత ఆత్రంగానే మొగ్గినది.

భార్య ఎలీన్ పాత్రను గూర్చి చెప్పక విడువరాదు. ఆమె స్వయంగా బొమ్మల కథలు గీసిన రచయిత్రి. తన్ను తాను వికారంగా చిత్రించుకోవడంలో భర్తకు తీసిపోనిది. ఆమె 2022లో మరణించింది. ఇంటి బండి నడిపినది ఆమే అని చిత్రం చూస్తే తెలుస్తుంది. ఫ్రాన్సు దేశపు దక్షిణాన ఒక యింటిని, ఆరు చిత్తుబొమ్మల పుస్తకాలిచ్చి క్రంబ్ సంపాదించాడు. చిత్రం చివర కుటుంబం అక్కడికి తరలిపోతుంది. అటుపై క్రంబ్ బైబిలులోని ఆదికాండాన్ని యాభై అధ్యాయాలూ వదలకుండా, మూలంలో మాట మార్చకుండా బొమ్మలుగా గీసి 2009లో ప్రకటించాడు. అందులో వావి తప్పిన ఘట్టాలున్నాయి, అన్నదమ్ముల హత్యాద్వేషం వున్నది, తండ్రుల క్రౌర్యం వున్నది. గేలి మాత్రం లేదు.

ఆ గ్రంథాన్ని చూడడానికి చార్లెస్ లేడు. తన పనిని అన్నగారు మెచ్చుతాడా అన్న ఆలోచన తనను విడువలేదని రాబర్ట్ చిత్రంలో ఒకచోట అంటాడు. సామాన్లు కట్టే ఆ చివరి దృశ్యాలలో తన పాత గ్రామఫోను రికార్డులను ఎవరైనా పగులగొడతారేమోనని అతడు బెంగపడుతుంటాడు. అన్నగారి పుస్తకాలు మాత్రం ఆ పెట్టెలలో కనిపించవు.